వరండ లైటు దానంతటది ఆరొద్దు

పోయినేడు మా ఎదురింటాయన కొత్తిల్లు కట్టుకోని గృహప్రవేశానికి పిలిస్తె పోయిన. భోజనాలైనంక నన్ను హాల్ల కూసోబెట్టి ఫోన్ల ఏందో ఒత్తిండు. హాల్ల లైట్లు ఆరినయి. ఇంకోటి ఒత్తిండు, మెట్ల మీద ఎలిగినయి. "పొద్దూకంగనే వాటంతటవే ఎలుగుతయి అంకుల్, తెల్లారంగనే వాటంతటవే ఆరుతయి. మనం ఉన్నా లేకున్నా ఫరక్ పడదు" అన్నడు. మంచిగుంది అని చెప్పి తాంబూలం తీస్కోని ఇంటికొచ్చిన. ఆ మాట నేను ఇరవై ఏండ్ల కిందనే అన్న. ఎవలతోని అన్ననో, దానికి ఏమైందో చెప్త. గిసొంటి పనులు నేర్సుకుంటున్న పిల్లలు మీరు, జర ఓపికతోని ఇనుండ్రి.

నేను బోధన్ దిక్కు ఒక చెరుకు ఫ్యాక్టరీల ఎలక్ట్రీషియన్ పని చేసిన. పెద్దది గాదు, మీరు పేరు ఇని ఉండరు, ఇప్పుడు దాని గోడలు సుత లేవు. ఎనభైలల్ల చేరిన. నిజాంసాగర్ నీళ్లు మంచిగొచ్చిన ఏడు చెరుకు బండ్లు గేటు కాడికెల్లి కాలువ కట్ట దాకా వరసగ నిలబడుతుండె. మా సెక్షనుకు ఒక ఫోర్‌మన్ సారు ఉండె. సన్నగ, పొడుగ్గ, ఎప్పుడు సూసినా చెవు మీద పెన్సిల్. ఆయన నోట్లకెల్లి శాబాష్ అనే మాట ఇన్నోడు ఫ్యాక్టరీల ఒక్కడు లేడు. పని మంచిగ చేస్తె ఏమనకపోవుడే ఆయన మెచ్చుకునుడు.

మా బాయిలర్ కాడ గోడకు ఒక ఆకుపచ్చ బటన్ ఉండె. డ్యూటీల ఉన్నోడు అర్ధగంటకోపారి దాన్ని ఒత్తాలె. ఒత్తితె ఫోర్‌మన్ రూముల చిన్న లైటు బుగ్గ ఎలుగుతది. టైము దాటి అయిదు నిమిషాలైనా ఒత్తకపోతె గంట మోగుతది, సారు ఉర్కుతడు. బాయిలర్ల నీళ్లు తగ్గినా సూసేటోడు లేకపోతె ఎంత మంది పానాలు పోతయో నేను చెప్పక్కర్లే. ఆ బటన్‌కు వేరే పనేం లేదు. మనిషి ఆడ ఉన్నడు, మెలకువతోని ఉన్నడు అని చెప్పుడే దాని పని.

చేరిన రెండో ఏడు నేనొక తెలివితక్కువ పని చేసిన. తెలివి ఎక్కువై చేసిన అంటె ఇంకా కరెక్టు. బాయిలర్ మీద పని చేసే అన్న ఒకాయనకు మొదటి కాన్పుల బిడ్డ పుట్టింది. ఆయన పెండ్లాం తల్లిగారిల్లు ఫ్యాక్టరీకి దగ్గరనే, సైకిల్ మీద పావుగంట. ఆయనది మధ్యాహ్నం షిఫ్టు. "తమ్మీ, రోజు ఒక్క గంట పోయి బిడ్డ మొఖం సూసొస్త. ఆ బటన్ సంగతి ఏమన్నా సూడరాదు" అని బతిలాడిండు. నాకు మోజు లేసింది. పాత మీటర్లకెల్లి గంటకు ఒక్క చుట్టు తిరిగే చిన్న మోటరు ఇప్పదీసి, దాని చక్రానికి రెండు రాగి ముక్కలు అంటించి బటన్ ఎనుక డబ్బల దాచిపెట్టిన. చక్రం తిరిగిన కొద్ది అర్ధగంటకోపారి దానంతటదే ఒత్తినట్టయితది. ఆయన సైకిలెక్కి పోయిండు. నేను లోపల్లోపల మురుసుకుంట తిరిగిన.

మూడో దినం సారు నడుసుకుంట వచ్చి సీదా ఆ డబ్బ మూత తీసిండు. బాయిలర్ నీళ్ల అద్దం దిక్కు సూసి మొదలు ఆయనే వాల్వు తిప్పిండు. నీళ్లు అద్దంల రెండు వేళ్ల ఎత్తు మిగిలినయి, గంతే. పొయ్యిల పిప్పి ఏసే కూలీలకు ఆ అద్దం సూసుడు రాదు.

"మీకెట్ల ఎరుకైంది సార్?" అన్న.

"మనిషి ఒత్తితె ఒకపారి రెండు నిమిషాలు ముందు, ఒకపారి మూడు నిమిషాలు ఎనుక. మూడు దినాలసంది నిమిషం ఎటు పోతలే. గంత సక్కగ ఏ మనిషి ఉండడురా" అన్నడు.

మోటరు పీకి నా చేతుల పెట్టిండు. "మనిషి ఉన్నడని మనిషే చెప్పాలె. నీ మోటరు చెప్పొద్దు." పైకి రిపోర్టు రాయలే. తెల్లారి ఆ బాయిలర్ అన్న షిఫ్టు మాత్రం మార్చిండు, బిడ్డను సూసుకునేటందుకు వీలయ్యేటట్టు. నేను నౌకరి ఊడలేదని ఊపిరి పీల్చుకున్న గని, ఆ మాట చెవుల ఏసుకున్ననా అంటె లేదు.

ఏండ్లు గడిసినయి, ఫ్యాక్టరీ మూతపడ్డది. నేను నిజామాబాద్‌కొచ్చి ఇండ్ల వైరింగు పని మొదలువెట్టిన. నలభై దాటినంక బస్టాండు కాడి కంప్యూటర్ సెంటర్ల చేరి, నా బిడ్డ ఈడు పిల్లల నడుమ కూసోని ప్రోగ్రాములు రాసుడు నేర్సుకున్న. అప్పటికే మా ఆమె పోయింది. బిడ్డ పెండ్లి చేస్కోని నాందేడ్ పోయింది. తాళం తీసి ఇంట్లకు పోతె పొద్దుగాల నేను తాగిన చాయ్ గ్లాసు పెట్టిన కాడనే ఉంటుండె. గా గ్లాసును సూస్తె నాకు ఇంట్లకు పోవాలనే అనిపియ్యకపోతుండె.

సారు బోధన్లనే ఒక గల్లీల రెండు రూముల ఇంట్ల కిరాయికుండె. పిల్లలు కాలే. ఆయన భార్య సుత పోయింది. ఐతారం ఐతారం నేను బస్సెక్కి పోయొస్తుంటి. ఇద్దరం కూసోని ఏం ముచ్చట పెడ్తుంటిమి అంటె ఏం లేదు. ఆయన రేడియో పెడ్తడు, నేను చాయ్ పెడ్త. ఎదురుంగ ఇంకో మనిషి ఊపిరి పీలుస్తున్నడు, మా ఇద్దరికి గదే చాలుతుండె.

ఒక ఐతారం నా బస్సు ఆలస్యమై పొద్దూకినంక పోయిన. వరండ లైటొక్కటి తప్ప ఇల్లంత చీకటి. ఇంట్ల లేడేమో అనుకుంట తలుపు తోస్తె కుర్చీలనే ఉన్నడు.

"లైటెందుకు ఏసుకోలే సార్?"

"మోకాళ్లు లేవనిస్తలేవురా. వరండదొక్కటి పగలే ఏసి పెట్టుకున్న. ఇంట్ల లైటు లేకపోతె ఏమైతది, సూసేటందుకు ఏమున్నది ఈడ" అన్నడు.

చెవు మీద పెన్సిల్‌తోని ఫ్యాక్టరీ అంత ఉర్కిన మనిషి. నా చేతుల పని ఉండి, ఆయన చీకట్ల ఎందుకు కూసోవాలె అని ఆ దినమే ఖాయం చేస్కున్న.

రెండు నెలలు పట్టింది. అరచేతంత బోర్డు, దాంట్ల టైము సూపెట్టే చిప్పు, కరెంటు పోయినా ఆ టైము తప్పకుంట ఒక బిళ్ళ బ్యాటరీ, నాలుగు లైట్లకు కరెంటు ఇచ్చి ఆపేటి నాలుగు రిలేలు. ఏ లైటు ఎప్పుడు ఎలగాలె, ఎప్పుడు ఆరాలె అని ప్రోగ్రాముల ఒక పట్టిక రాసిన. చలికాలం తొందరగ పొద్దూకుతది గద, గోడ క్యాలెండర్ల సూర్యాస్తమయం టైములు సూసి పన్నెండు నెలలకు పన్నెండు రాసిన. మొదటి దినం వరండ లైటు పొద్దుగాల ఆరున్నరకు ఎలిగి సాయంత్రం ఆరింది. పొద్దుగాలటి టైము, సాయంత్రం టైము తారుమారు రాసిన. సారు దాన్ని సూసి, "నీ సూర్యుడు పడమర లేస్తున్నడురా" అన్నడు. ఆయన నవ్వంగ ఏండ్లకు సూసిన.

సక్కజేసిన దినం పొద్దూకంగ ఇద్దరం వరండల కూసున్నం. టైముకు వరండల బుగ్గ ఎలిగింది, ఎనుకనే వంటింట్లది. ఆయన శానసేపు సూసిండు.

"నేను లేకున్నా ఎలుగుతదా?"

"మీరు ఉన్నా లేకున్నా ఫరక్ పడదు సార్. కరెంటు పోయొచ్చినా ఏది ఎలగాలెనో దానికి ఎరుకే" అన్న, ఛాతి ఇంత చేస్కోని.

ఆయన ఏమనలే. ఏమనకపోవుడే ఆయన మెచ్చుకునుడు గద, నేను ఇంకింత ఉబ్బిన.

పక్కింటి చెల్లె బీడీలు చేస్తది. ఆమె భర్త దుబాయ్‌ల ఉంటుండె. తెల్లారకముందే గడప మీద చాట పెట్టుకోని కూసుంటె చీకటయ్యే దాకా చెయ్యి ఆగది. ఆమె గోడ మీదికెల్లి సూసి అడిగింది. "అన్నా, ఇగ పొద్దుగాల సారు లేసి లైటు ఆర్పుడు ఉండదా?" అక్కర్లేదు చెల్లె, అదే ఆరుతది అన్న. "అట్లనా, మరి..." అని ఇంకేదో అనబోయింది. నేను నిచ్చెన భుజానేసుకోని లోపలికి పోయిన.

ఒక సంవత్సరం మంచిగ నడిసింది. తర్వాతి చలికాలం ఒక దినం పగలు పన్నెండున్నరకు ఆ చెల్లెనే ఫోన్ చేసింది. "అన్నా, సారు బాత్రూం కాడ పడ్డడు. ఎప్పుడు పడ్డడో ఏమో. నువ్వు జల్ది రా" అని ఏడుస్తున్నది.

ఎప్పుడు పడ్డడో తర్వాత ఎరుకైంది. అంతకు ముందు దినం పొద్దుగాల, తెల్లారకముందు. తుంటి ఇరిగింది. కేకేద్దామంటె దమ్ము రాలే. ఆ పొద్దంత, రాత్రంత, మల్ల పన్నెండు దాకా తడి బండల మీద పడున్నడు. మెట్టు మీద పాల ప్యాకెట్టు ఎండల పడి ఉన్నదని చెల్లె లోపలికి తొంగి సూసింది. మొదటి దినం ప్యాకెట్టును కుక్క ఎత్కపోయింది, లేకపోతె ఒక దినం ముందే సూసేటిది.

నిజామాబాద్ దవాఖానల మంచం మీద ఆయన ఇంతైపోయి ఉన్నడు. నన్ను దగ్గరికి రమ్మన్నడు.

"లైట్లు టైముకే ఎలిగినయిరా. కింద పడి సూసిన. వంటింట్లది దాని టైముకు, వరండది దాని టైముకు. తెల్లారంగ మల్ల ఆరినయి. నిమిషం ఎటు పోలే." ఊపిరి తీస్కున్నడు. "శాబాష్."

ఇన్నేండ్లల్ల ఆయన నోట ఆ మాట గదే మొదలు. నేను ఆడ నిలబడలేకపోయిన. బయటికొచ్చి మెట్ల మీద కూసోని వెక్కి వెక్కి ఏడ్చిన. ఊడ్సుకుంట వచ్చిన అవ్వ చీపురు ఆపి, "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అనడిగింది. ఎవలు పోలే అవ్వా అన్న.

చెల్లె వచ్చి పక్కకు నిలబడ్డది. "పొద్దుగాల ఆ లైటు ఆరితె సారు లేసిండని నాకు లెక్క అన్నా. ఆరకపోతె గోడ మీదికెల్లి కేకేస్త, ఏండ్లసంది గట్లనే. నువ్వు గది పెట్టినంక సుత ఆరుతనే ఉన్నది గద. లేసిండనే అనుకున్న. రోజు ఒక్క తీరుగ ఆరింటికి లేస్తుండు, పానం మంచిగున్నట్టుంది అనుకున్న."

"ముందుగాల నాకెందుకు చెప్పలే చెల్లె?"

"చెప్పనిచ్చినవా అన్నా?"

ఆ లైటును ఆయనొక్కడే వాడుతుండు అనుకున్న. గోడ అవతల ఇంకొక మనిషి రోజు దాన్ని సూసి ఈయన బతికున్నడని తెలుసుకుంటున్నదని నేను అడగలే. మోటరు అంటించిన దినం చేసిందే మల్ల చేసిన. ఈపారి రాగి ముక్కలకు బదులు కంప్యూటర్, గంతే తేడా.

ఆపరేషనైంది, మూడు నెలలకు కర్ర స్టాండు పట్టుకోని ఇంటికొచ్చిండు. నేను బోర్డు పీకేస్త సార్ అన్న. వద్దన్నడు. అల్మారిల ఒక బిస్కట్ డబ్బ తెమ్మన్నడు. దాంట్ల గుడ్డల సుట్టి ఆ బాయిలర్ కాడి ఆకుపచ్చ బటన్ ఉన్నది. ఫ్యాక్టరీ సామాను తుక్కు కింద పోతున్న దినం అడిగి తెచ్చుకున్నడట.

"మంచం పక్కకు పెట్టు. మిగిలిన లైట్లు నీ ఇష్టం. వరండ లైటు దానంతటది ఆరొద్దు" అన్నడు.

ప్రోగ్రాముల నేను చేసింది వరండ లైటును ఆర్పే లైను తీసేసుడు, బటన్ ఒత్తితెనే ఆరాలె అని ఇంకో లైను రాసుడు. పావుగంట పని. అటెన్క ఈపారి చెల్లెను ఇంట్లకు పిలిచి కూసోబెట్టి అంతా చెప్పిన. ఆమె ఓపికతోని ఇని ఒక్కటే అడిగింది. "ఆలస్యంగ లేసే దినం ఉంటది గద అన్నా, ఎంత సేపు ఆగాలె?" ఏడింటి దాకా ఆగు చెల్లె అన్న. మంచం మీదికెల్లి సారు, "ఏడింటి దాకా ఎవడు పంటడు" అని కసిరిండు.

రెండేండ్లు గట్ల నడిసింది. ఐతారం పోతె చెల్లె నాకు లెక్క చెప్తుండె. సోమారం అయిదున్నరకే ఆర్పిండు, బుధవారం ఆరు దాటింది, నిన్న మబ్బు పట్టింది గద, ఏడింటికి పది నిమిషాలు తక్కువ, నేను లేవబోతున్న, ఆరింది. ఏ దినం టైము ఇంకో దినం టైముకు కలిసేది కాదు. అది ఇంటుంటె నాకు ఎంత సంతోషమైతుండెనో చెప్పలేను.

ఎండాకాలం మొదట్ల ఒక పొద్దుగాల ఏడు దాటినంక ఫోన్ మోగింది.

"అన్నా, సారు లైటు ఎలుగుతనే ఉన్నది."

బస్సెక్కిన. ఎడపల్లి దాటినంక చెరుకు బండి ఒకటి రోడ్డుకు అడ్డం తిరిగి బస్సు శానసేపు ఆగింది. దిగి నడుద్దామా అనిపిచ్చింది. నడిచినా ఏం లాభం అని అక్కడనే కూసున్న.

నేను పొయ్యేటాలకు ఎండ వరండ నిండ పడ్డది. ఆ ఎండల బుగ్గ ఎలుగుతున్నదో లేదో దగ్గరికి పోయి సూస్తె గని తెలుస్తలే. ఎలుగుతున్నది. గల్లీ జనం నలుగురు లోపలున్నరు. సారు నిద్రలనే పోయిండు. చెయ్యి బటన్ దిక్కు సాపి లేదు, కడుపు మీద పెట్టుకోని ఉన్నడు. చెల్లె ఏడింటికే తలుపు తీపిచ్చి లోపలికి పోయి, తల కాడ దీపం ముట్టిచ్చి, నేనొచ్చే దాకా పక్కనే కూసున్నది. ఆయన తడి బండల మీద దినమున్నర పడుండలే. అదొక్కటే నా మనసుకు ఆసర.

"లైటు ఆర్పలేదా చెల్లె?" అన్న.

"సారు ఆర్పేది గద. నేను ముట్టలే అన్నా."

మంచం పక్కకు వంగి ఆ బటన్ నేనే ఒత్తిన. బయట లైటు ఆరింది. పొద్దుగాలటిసంది ఆపుకున్న ఏడుపంత అప్పుడొచ్చింది.

బోర్డు, బటన్ రెండు ఇప్పుకోని నిజామాబాద్ తెచ్చుకున్న. మా వరండకు పెట్టిన. ఇప్పటికి బిళ్ళ బ్యాటరీలు మారినయి, రిలేలు మారినయి, ఆ బటన్ గదే. రోజు లేసి ఒత్తుత. సారు పోయి శానేండ్లైంది. చెల్లె బాల్కొండల బిడ్డ దగ్గరికి పోయింది, పండుగకో ఫోన్ చేస్తది.

పోయిన నెల ఒక దినం ఎందుకో ఒత్తబుద్ధి కాలే. పానం మంచిగనే ఉన్నది. ఎవలన్నా వస్తరా సూద్దాం అనిపిచ్చింది. తలుపు దగ్గరేసి లోపల కుర్చేసుకోని కూసున్న. ఏడైంది, ఎనిమిదైంది. పేపరాయన పేపర్ ఇసిరిపోయిండు. కూరగాయలామె అరుసుకుంట పోయింది. ఎదురింటాయన మా లైటు దిక్కే మొఖం పెట్టి కారు తుడిసి, ఎక్కి పోయిండు. పదకొండు దాటింది. గోడ గడియారం సప్పుడొక్కటే ఇనబడుతుంది. పన్నెండు కొట్టినంక నేనే లేసి ఒత్తిన. అన్నం సుత తినబుద్ధి కాలే ఆ పూట.

తెల్లారి సాయంత్రం ఎదురింటాయన గేటు కాడ నిలబడి అన్నడు. "అంకుల్, నిన్న పొద్దంత మీ వరండ లైటు ఎలుగుతనే ఉండె. ఉత్తగ కరెంటు కాలుతది. మా అసొంటిది పెట్టియ్యాల్నా? దానంతటదే ఆరుతది."

ముందుగాల నాకు మండింది. సూసిండు, సూసి కారెక్కి పోయిండు. అటెన్క కూసోని సోంచాయిస్తె, తప్పు ఆయనది గాదు. సారు బటన్ పని చేసింది గోడ అవతల చెల్లెకు ఎరుకుండబట్టి. నేను బటన్ పెట్టుకున్న, ఒక్కనికన్నా చెప్పిన్నా? మూడోపారి సుత గదే తప్పు చేసింది నేనే.

తెల్లారి ఆయనను చాయ్‌కి పిలిచిన. వరండల కూసోబెట్టి ఆ ఆకుపచ్చ బటన్ సూపెట్టిన. "ఇది రోజు నేనే ఒత్తుత. ఏడు దాటినంక సుత లైటు ఎలుగుతుంటె కరెంటు సంగతి ఇడిసిపెట్టి తలుపు కొట్టు" అన్న. ఆయన మొదలు నవ్విండు. నా మొఖం సూసి నవ్వు ఆపిండు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "కొడ్త అంకుల్" అన్నడు.

కొడ్తడో కొట్టడో. అది ఎరుకయ్యేటందుకు ఆ దినం నేనుండ.